ఊపిరి పీల్చిన వ్యాను

పెళ్ళయిన మూడో నెలకే ఆమెకి ఒక సంగతి బాగా తెలిసొచ్చింది. మంచి మొగుడు దొరకడం అదృష్టమైతే, ఆ మొగుడికి వడ్రంగం వచ్చి ఉండటం దానిమీద కొసరు. ఆ ఇంట్లో తలుపులు కిర్రుమనవు. సొరుగులు సగంలో మొండికెయ్యవు. వంటగది అటక మీద డబ్బా అందట్లేదని ఒక్కసారి, అదీ తనలో తను గొణుక్కున్నట్టుగా అంటే, మర్నాటికల్లా గోడలోంచి ఒక మడత మెట్టు మొలిచింది. కాలితో నెడితే లోపలికి పోతుంది, వేలితో లాగితే బయటికొస్తుంది. ఆమె ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కి దిగి, ఆ సంబరంలో ఉద్యోగానికి పావుగంట ఆలస్యంగా వెళ్ళింది.

ఆమె ఉద్యోగం ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీయడం. "ఊపిరి పీల్చండి... బిగపట్టండి... కదలకండి... ఇక వదలండి." ఈ నాలుగు మాటలూ రోజుకి ఎనభైసార్లు అంటుంది కాబట్టి నిద్రలో కూడా వస్తున్నాయని అతని ఫిర్యాదు. అతను ఆ గదికి మొదటిసారి వచ్చింది నలిగిన బొటనవేలు పట్టుకుని. సుత్తి దెబ్బ. ఎముక బాగానే ఉందని చెప్పి పంపించింది. మూడో రోజు మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు.

"మళ్ళీ కొట్టుకున్నారా?"

"లేదండీ. ఒకసారి చూస్తే సరిపోదు కదా. రెండోసారి కూడా చూస్తే నమ్మకంగా ఉంటుందని..."

తనని చూడ్డానికి ఆడిన నాటకం అనుకుని ఆమె ఆ రోజంతా మురిసిపోయింది. పెళ్ళయ్యాక తెలిసింది, నాటకం సగమే, మిగతా సగం మనిషే అంత. అతను పనిచేసే కార్ఖానాలో అందరూ అతన్ని ‘రెండుకొలతలు’ అంటారు. చెక్కని రెండుసార్లు కొలిస్తే గానీ రంపం ముట్టడు. గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూస్తాడు. ముద్దు విషయంలోనూ అదే పద్ధతి, దానికి మాత్రం ఆమె అభ్యంతరం చెప్పలేదు.

చెక్క తర్వాత అతనికి అంతగా తెలిసింది అల. పదిహేనేళ్ళప్పటి నుంచీ సర్ఫింగ్ చేస్తున్నాడు. బోర్డు కూడా కొన్నది కాదు, తేలిక చెక్కతో లోపల డొల్లగా తనే చేసుకున్నది. ప్రతి చలికాలం ఆ బోర్డుని బస్సు మీద కట్టించుకుని, ఒంటరిగా తీరం పొడుగునా తిరిగొస్తాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెని కూడా ఒక ఆదివారం నీళ్ళలోకి దింపాడు. పంతొమ్మిదిసార్లు పడింది. ఇరవయ్యోసారి నిలబడింది. నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్ల సంగతి ఆమె అత్తగారికి చెప్పింది, పుట్టింటికి ఫోన్ చేసి చెప్పింది, మోకాలి ఎక్స్‌రే కోసం వచ్చిన ఒక పెద్దాయనకి కూడా చెప్పింది.

"ఈ చలికాలం నువ్వూ వస్తావా?" అని అతను అడిగింది పొద్దున్నే, పళ్ళు తోముకుంటూ, నోటినిండా నురగతో.

"చలికాలమా? చలిలో సముద్రమా?"

అతను పుక్కిలించి వచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని, మంచం అంచున కూర్చుని మొదలుపెట్టాడు. మామూలుగా పొడి మాటల మనిషి. అల గురించైతే మాత్రం నోరు మూతపడదు. "ఎండాకాలం అల పోకిరీది. ఏ గాలి తగిలితే అటు తిరుగుతుంది. చలికాలం అల అలా కాదు. ఎక్కడో నడిసముద్రంలో తుఫాను పుడుతుంది. దాని అలలు రోజుల తరబడి నడిచొస్తాయి. నడవగా నడవగా వరసలో పడతాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య పద్నాలుగు సెకన్లు. పొద్దున్నే నేల వైపు నుంచి గాలి తోలుతుంది చూడు, అప్పుడా అల ముఖం చిత్రిక పట్టిన చెక్కలా నున్నగా ఉంటుంది. చెయ్యి వేసి చూడాలనిపిస్తుంది."

ఆమె అల కన్నా ఎక్కువగా అతని ముఖం చూసింది. చిత్రిక పట్టినట్టు అదీ అలాగే ఉంది.

"నాలుగు రోజుల ప్రయాణంలో ఒక తీరం ఉంది. కొడవలిలా వంగి ఉంటుంది, అందుకని నేను కొడవలి అంటాను. అక్కడికి మంచి అల చలికాలం మొత్తంలో రెండు రోజులో మూడు రోజులో వస్తుంది, అంతే. కానీ వచ్చిందంటే, అది నిన్ను విసిరెయ్యదు. చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. నీ నాలుగు సెకన్లు అక్కడ నలభై అవుతాయి."

నలభై. అంతే, ఆమె మనసులో ఆ అంకె మేకు దిగినట్టు దిగిపోయింది.

ఆ సాయంత్రమే పడగ్గది గోడకి పెద్ద గోధుమరంగు కాగితం అంటించారు. అతను తీరం గీత గీశాడు. ఆమె దానిమీద రంగు పెన్సిళ్ళతో ఊళ్ళు నాటింది. మొదటి రాత్రి లైట్‌హౌస్ కింద. రెండోది చేపల రేవులో. మూడోది ఏరు సముద్రంలో కలిసేచోట. ఆ తర్వాత కొడవలి. ఏ రోజు ఆటు ఎప్పుడు, పోటు ఎప్పుడు, సూర్యుడు ఎన్నింటికి వస్తాడు, అన్నీ ఒక నోటు పుస్తకంలో గళ్ళు గీసి రాసింది. ఆస్పత్రిలో పది రోజుల సెలవు తెచ్చుకోవడమే పెద్ద యుద్ధం. తోటి టెక్నీషియన్‌కి ఇప్పుడు ఐదో నెల. ఆమె పురిటికి వెళ్ళిందంటే ఇక వేసవి దాకా ఈమెకి ఆదివారం దొరకడమే గగనం. ఈ చలికాలానికి ఉన్నవి ఆ పది రోజులే.

నేల మీద సాధన కూడా మొదలైంది. పొద్దున్నే దుప్పటి పరుచుకుని బోర్లా పడుకోవాలి, అతను "ఇప్పుడు!" అనగానే చేతులతో నేలని నెట్టి ఒక్క గెంతులో రెండు కాళ్ళ మీదా నిలబడాలి. ధబ్. మళ్ళీ ధబ్.

పక్క గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏం పడిందిరా?"

"ఏం పడలేదమ్మా! తనకి లేచి నిలబడటం నేర్పిస్తున్నా!"

"ఇరవయ్యారేళ్ళ పిల్లకి లేచి నిలబడటం నేర్పడమేంట్రా! నడక నేనే నేర్పాలా ఏం?"

నాలుగో రోజున అత్తగారు తలుపు తట్టి, మందపాటి పరుపు ముక్క ఒకటి లోపలికి తోసింది. కర్టెన్లు కుట్టే కొట్లో ఆవిడ పెద్ద దర్జీ, ఇలాంటివి ఆవిడ దగ్గర ఎప్పుడూ ఉంటాయి. "ఇది వేసుకుని దూకండి, మీకు పుణ్యముంటుంది. కింది వాటా వాళ్ళు మెట్ల దగ్గర నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు."

కోడలు పరుపు ముక్కలో ముఖం దాచుకుంది.

ప్రయాణానికి వ్యాను ఆ వారమే దొరికింది. ఒక బేకరీ వాళ్ళు రొట్టెలు తిప్పే పాత వ్యానుని వదిలించుకుంటున్నారు. తలుపు తియ్యగానే లోపల ఇంకా వేడి రొట్టె వాసన. ఆమె అక్కడే ప్రేమలో పడింది. ట్రేలు పెట్టే ఇనుప చట్రాలు కూడా విప్పకుండా అలాగే తోలుకొచ్చారు. దారిలో టింబర్ డిపో దగ్గర ఆగి, దాన్ని పడకా పొయ్యీ ఉన్న క్యాంపర్‌గా మార్చడానికి కావలసిన ప్లైవుడ్, పలకలు, దుంగలు ఒక్క దెబ్బకే ఎక్కించేశారు. టైర్లు మూలుగుతుండగా వ్యాను కార్ఖానా చేరింది.

కార్ఖానా మేస్త్రి సన్నగా ఉలిపిడిలా ఉంటాడు, మాట మాత్రం ఉలి మొన. షట్టరు పక్కన మూల ఇచ్చాడు, సెలవు రోజుల్లో పని చేసుకోమన్నాడు. ఆమె గర్వంగా చూపించిన నోటు పుస్తకం తిరగేసి, "లోపల మంచం లేదు, పొయ్యి లేదు, మూడో రాత్రి ఎక్కడ పడుకోవాలో మాత్రం రాసుకున్నారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!" అన్నాడు.

వ్యానుని వెనక్కి తోలుతూ, తోక భాగం సరిగ్గా గుమ్మం పైదూలం కిందకి వచ్చాక అతను ఆపాడు. కిటికీలోంచి తల బయట పెట్టి, "పైన ఎంత ఖాళీ ఉందో చూడవా?" అన్నాడు.

ఆమెకి అది జీవితంలో మొదటి కొలత. స్టూలు ఎక్కింది. అతను నేర్పినట్టే టేపు కొసని బొటనవేలితో నొక్కిపట్టి, కన్ను సరిగ్గా గీతకి ఎదురుగా పెట్టి చదివింది. "ఐదంగుళాలు! కచ్చితంగా ఐదు!"

"రాసుకో."

నోటు పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసుకుంది: పైన ఖాళీ, ఐదంగుళాలు. కింద గీత కూడా గీసింది.

ఆ తర్వాత రెండు నెలలు ఆమె సెలవు రోజులన్నీ ఆ మూలనే గడిచాయి. పని ఏమంత చెయ్యలేదు. ఉప్పుకాగితంతో రుద్దడం, టీ అందించడం, చూడ్డం. చూడ్డమే ఎక్కువ. అతను చెక్కని పట్టుకునే పద్ధతి చూస్తే, నిద్రపోతున్న పిల్లని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నట్టు ఉంటుంది. రెండు పలకల్ని మేకు లేకుండా, వేళ్ళు వేళ్ళలో దూర్చినట్టు కలుపుతాడు. కలిపాక గోరు పెట్టి గీకినా అతుకు ఎక్కడో తెలీదు. మలుపుల్లో తెరుచుకోకుండా ప్రతి సొరుగుకీ ఒక చిన్న చెక్క నాలుక. పొయ్యి పక్కన రెండు గుండ్రటి గుంటలు, ఒకటి ఆమె కప్పుకి, ఒకటి అతని కప్పుకి. కప్పుల్ని కూడా రెండుసార్లు కొలిచాడు. ఆమె కప్పుకి పిడి దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. గుంటలో పెడితే ఆ పెచ్చు గోడ వైపు తిరిగి కనపడదు. ఆ సంగతి అతను చెప్పలేదు, ఆమే ఒకరోజు కనిపెట్టింది. కనిపెట్టి, కప్పు తీసి, పెట్టి, తీసి, పెట్టి, అలా ఎంతసేపు నిలబడిందో.

అత్తగారు చిన్న చిన్న కర్టెన్లు కుట్టి తెచ్చింది, లోపల ఉన్నివస్త్రం, బయట నీలం. "చక్రాల మీద ఉన్నా ఇల్లు ఇల్లే. కర్టెన్ లేని ఇల్లు నా కొడుక్కి వద్దు" అని తనే తగిలించి, ఒక్క మడత కూడా వంకర లేకుండా సర్దింది. చలినీళ్ళలో వేసుకునే రబ్బరు సూట్లు చూసి, "ఇదేం తోలే తల్లీ, పాము కుబుసం విడిచినట్టు!" అని నవ్వి, చిరిగిన మోచేతిని మాత్రం కంటికి కనపడకుండా అతికింది.

ఒకరోజు ఆమె సగం కట్టిన మంచం మీద వెల్లకిలా పడుకుని, పైన రేకుని చూస్తూ, "పొద్దున్న కళ్ళు తెరవగానే ఆకాశం కనపడితే ఎంత బావుంటుందో" అంది. అన్నాక మర్చిపోయింది.

అతను మర్చిపోలేదు. మర్నాడు పెన్సిలు చెవిలో పెట్టుకుని, "మంచం మీద కప్పు కోసి, నాలుగున్నర అంగుళాల ఎత్తు చెక్క పెట్టె కడతా. దానికి అద్దం మూత. తెరుచుకుంటుంది కూడా. పైన ఐదుంది కదా" అన్నాడు.

"అర అంగుళమేగా మిగిలేది!"

"అర అంగుళం చాలా ఎక్కువ. అర అంగుళంలో మా మేస్త్రి సంసారం పెడతాడు."

కిటికీ తయారైన రోజు ఇద్దరూ దానికింద పడుకుని, కార్ఖానా కప్పుకి వేలాడుతున్న సాలెగూడుని ఆకాశమనుకుని చూశారు. ఆమె జీవితంలో చూసిన సాలెగూళ్ళలో అదే అందమైనది.

గురువారం నాడు అతను వాతావరణం బొమ్మలున్న ఫోను పట్టుకుని ఆస్పత్రికే పరుగెత్తుకొచ్చాడు. ఎక్స్‌రే గది బయట బెంచీ మీద రోగుల మధ్య కూర్చుని, ఆమె బయటికి రాగానే రెండు వేళ్ళు చూపించాడు. "వస్తున్నాయి. మంగళవారం, బుధవారం. కొడవలికి. పద్నాలుగు సెకన్లు!" పక్కన కట్టు కట్టుకున్న ముసలమ్మ, "ఎవరు నాయనా, చుట్టాలా?" అంది.

శనివారం పొద్దున్న బయల్దేరితే మంగళవారానికి అందుకుంటారు. బట్టలు, గిన్నెలు, దుప్పట్లు సర్దేశారు. బోర్డులు రెండూ మంచం కింద పడుకున్నాయి. మేస్త్రి, ముగ్గురు వడ్రంగులు, అత్తగారు సాగనంపడానికి నిలబడ్డారు. ఆమె అతని పక్కన కూర్చుని, నోటు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అందరికీ చెయ్యి ఊపింది. వ్యాను ముక్కు ఎండలోకి వచ్చింది. ముందు చక్రాలు వీధిలోకి వచ్చాయి. సగం వ్యాను వచ్చింది.

టక్.

చిన్న చప్పుడే. కానీ వడ్రంగులు ముగ్గురూ ఒకేసారి పళ్ళు బిగించారు. చెక్కకి దెబ్బ తగిలిన చప్పుడు వాళ్ళకి తెలుసు.

అతను దిగి చూశాడు. కిటికీ పెట్టె ముందు అంచు పైదూలానికి ఆనుకుని ఉంది. టేపు తీశాడు. అంగుళం ముప్పావు ఎక్కువ.

"ఏనుగంతా దూరి తోక చిక్కిందిరా," అన్నాడు మేస్త్రి. "ఎవడు కొలిచాడు?"

"నేనే" అన్నాడు అతను, తల తిప్పకుండా.

ఆమె కూడా దిగింది. నోటు పుస్తకం తెరిచి, ఎర్ర గీత చూపించింది. "కాదండీ మేస్త్రిగారూ. నేను కొలిచాను. ఇదిగో."

మేస్త్రి ఆ పేజీని చూశాడు, అతన్ని చూశాడు. "నువ్వు రెండోసారి కొలవలేదా?"

"తను కొలిచింది కదా" అన్నాడు అతను, అందులో అడగడానికేముంది అన్నట్టు.

ముగ్గురు వడ్రంగుల్లో పెద్దాయన, "పదకొండేళ్ళలో నేను అడిగిన టీలు కూడా రెండుసార్లు లెక్కపెట్టాడు వీడు" అన్నాడు నెమ్మదిగా. మేస్త్రి బుర్ర గోక్కుని, "పెళ్ళయి చెడిపోయాడు" అన్నాడు. ఆ మాట తిట్టులా మాత్రం లేదు.

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈ మనిషి జీవితంలో ఒకే ఒక్కసారి ఒక కొలతని ఒక్కసారికే నమ్మాడు. అది తన కొలత. అదే తప్పింది.

"దారి ఒకటే," అన్నాడు మేస్త్రి. "పెట్టె కోసెయ్, కప్పు మీద కొత్త రేకు వేయించు, వారం పడుతుంది."

"వారం ఉంటే అల వెళ్ళిపోతుందండీ. సెలవూ అయిపోతుంది" అంది ఆమె.

"కోసి, టార్పాలిన్ కట్టుకుని పోతాం" అన్నాడు అతను.

"నాలుగు రోజుల గాలికి ఆ పట్టా గాలిపటమైపోతుంది. ఒక్క వాన పడిందా, నీ చెక్కంతా పూరీలా ఉబ్బుతుంది. నీ ఇష్టం."

టైర్లలో గాలి తీసి చూశారు. ఇక తీస్తే చక్రం అంచు నేలకి తగులుతుందన్నంత దాకా తీసినా ముప్పావు అంగుళమే దిగింది. ఇంకా అంగుళం. అతను స్టూలు ఎక్కి, పెన్సిలుతో పెట్టె చుట్టూ గీత గీశాడు. రెండోసారి కొలిచి, మళ్ళీ గీశాడు. రంపం అందుకున్నాడు. తను చేసిన పనిని తనే కొయ్యబోతూ కూడా ఆ గీత వంకర పోలేదు. ఆమెని చూసి నవ్వడానికి ప్రయత్నించి, "ఆకాశం ఎక్కడికీ పోదులే. తలుపు తెరిచి చూద్దాం" అన్నాడు.

ఆ నవ్వు చూడలేక ఆమె కళ్ళు దించింది. దించిన కళ్ళకి వెనక చక్రం కనపడింది. చక్రానికీ దాని మీది రేకుకీ మధ్య ఖాళీలో ఇప్పుడు పిడికిలి పడుతుంది. వ్యాను తెచ్చిన రోజు ఆమె అక్కడ చెయ్యి పెట్టబోయి వేళ్ళు నొక్కుకుంది. పిడికిలి కాదు కదా, అరచెయ్యి కూడా పట్టలేదు.

రోజుకి ఎనభై ఛాతీలు చూసే మనిషి. ఊపిరి పీల్చిన ఛాతీ వేరు, వదిలిన ఛాతీ వేరు. అందుకే గదా అందర్నీ బిగపట్టమనేది.

"ఆగు!" అని అరిచింది. "కొయ్యకు! నా కొలత తప్పు కాదు!"

రంపం ఆగింది.

"ఆ రోజు లోపల ఇనుప చట్రాలున్నాయి, డిపో నుంచి తెచ్చిన చెక్కంతా ఉంది! బరువుకి వ్యాను కిందకి కుంగి ఉంది. అప్పుడు ఐదు. ఆ తర్వాత చట్రాలు విప్పేశారు. చెక్కలో సగం పొట్టయి ఊడ్చిపారేశాం. ఇప్పుడు తేలికై పైకి లేచింది. వ్యాను ఊపిరి పీల్చుకుందండీ! మళ్ళీ వదిలిస్తే చాలు!"

అతను స్టూలు మీంచే ఆమె వంక చూశాడు. అలాంటి చూపు అతను బాగా కుదిరిన అతుకు మీద తప్ప ఇంకెక్కడా ఉపయోగించగా ఆమె చూడలేదు.

"అయితే మళ్ళీ చెక్క ఎక్కించండి" అన్నాడు మేస్త్రి.

"ఎక్కడ పెడతారు? మంచం, అలమరా అడ్డం. ఎనిమిదడుగుల పలక వంగదు" అన్నాడు పెద్ద వడ్రంగి.

"మనుషులు వంగుతారుగా!" అంది అత్తగారు. అప్పటికే చెప్పులు విప్పేసింది. "ఎక్కండెక్కండి! చెప్పులు బయట! నా కర్టెన్లు ముట్టుకున్నారంటే ఊరుకోను!"

వడ్రంగులు ముగ్గురూ ఎక్కారు. పక్క ప్రింటింగ్ ప్రెస్ నుంచి ఇద్దరు సిరా చేతులు పైకెత్తి పట్టుకుని ఎక్కారు. ఎదుటి సెలూన్ ఆయన మంచి పుష్టిగల మనిషి, ఆయన్ని ప్రత్యేకంగా పిలిచారు. ఆయన వెనకే మెళ్ళో తెల్లగుడ్డతో, ఒక చెంప నున్నగా ఒక చెంప నురగతో, ఒక లెక్కల మాష్టారు కూడా వచ్చారు. "ఆయన మీ వ్యానులో ఉంటే నా రెండో చెంప ఎవరు గీస్తారమ్మా? నేనూ ఎక్కుతా."

"వెనక్కి, ఇంకా వెనక్కి! మంచం మీదకి!" ఆమె బయట స్టూలు మీద నిలబడి దూలం కింద కన్ను పెట్టింది.

"మంచం ఆగుతుందా?" అంది సెలూన్ ఆయన గొంతు.

"నా కొడుకు చేసిన మంచం. నువ్వు గంతులేసినా ఆగుతుంది" అంది అత్తగారి గొంతు.

"కొత్త జంట మంచం కదా, ఆ మాత్రం గట్టిగానే చేసుంటాడు!" ఎవరో లోపల్నించి. వ్యాను నవ్వుకి ఊగింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి, కన్ను మాత్రం దూలం కిందే ఉంది.

వ్యాను దిగుతోంది. అర అంగుళం. ముప్పావు. ఎనిమిదిమంది ఎక్కాక, పెట్టెకీ దూలానికీ మధ్య ఇక వెంట్రుకవాసి. కానీ ఆ వెంట్రుక ఇంకా తగులుతూనే ఉంది.

"ఇంకొక్కళ్ళు!"

బయట మిగిలింది చేతులు కట్టుకున్న మేస్త్రి ఒక్కడే. "నన్ను చూడకండి. నాలుగు మేకుల బరువుంటాను నేను" అన్నాడు. ఆయన తాము చేసి గోడకి తగిలించిన కిటికీ చట్రాల వైపు, గీత గీసిన పెట్టె వైపు, దాని అతుకు వైపు చూశాడు. ఇంకో స్టూలు ఎక్కి అతుకు మీద గోరు పెట్టి గీకాడు. గోరు ఎక్కడా ఆగలేదు. అప్పుడు తన ఇనుప పనిముట్ల పెట్టెని రెండు చేతులతో ఎత్తి కౌగిలించుకుని, చెప్పులు విడిచి, లోపలికి ఎక్కాడు.

అతను స్టీరింగు ముందు కూర్చుని, అద్దంలోంచి ఆమెని చూశాడు. ఆమె చెయ్యెత్తింది. రోజూ అనే మాటలే, కానీ ఇంత గట్టిగా ఎప్పుడూ అనలేదు.

"అందరూ ఊపిరి వదిలెయ్యండి! బిగపట్టండి! కదలకండి!"

నవ్వులు ఆగిపోయాయి. ఇంజను గురగురలాడింది. వ్యాను చీమలా కదిలింది. పెట్టె ముందు అంచు దూలం కిందకి వెళ్ళింది. మధ్యలో దూలానికున్న పాత రంగు పెచ్చు ఒకటి ఊడి అద్దం మీద పడింది. ఆమె గుండె కూడా దాంతోపాటు జారింది. అద్దం వెళ్ళింది. గడియ వెళ్ళింది. వెనక అంచు వెళ్ళింది. ఆకాశం, అసలు ఆకాశం, కిటికీ అద్దంలో ఈ కొస నుంచి ఆ కొసకి వచ్చి పడింది.

"ఇక వదలండి!"

ఆ అరుపులకి ప్రెస్ మేడ మీది పావురాలన్నీ లేచాయి. ఆమె ముందు సీట్లోకి ఎక్కింది, తొమ్మిదిమందిలో మాత్రం ఒక్కరూ దిగలేదు. "ఇంతదాకా వచ్చాం, వీధి చివరిదాకా తిప్పవయ్యా" అన్నారు మాష్టారు. మేస్త్రి పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కిటికీ కింద కూర్చుని, మెడ పైకెత్తి, "బావుందిరా" అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన ఆ మాట అనడం అదే మొదలని పెద్ద వడ్రంగి తర్వాత ఆమె చెవిలో చెప్పాడు. వీధి చివర అందరూ దిగాక గాని గుర్తు రాలేదు, చెప్పులన్నీ కార్ఖానా గుమ్మంలో ఉండిపోయాయని. తొమ్మిది జతల వట్టికాళ్ళు, సగం గడ్డంతో మాష్టారు ముందు నడవగా, ఊరేగింపులా వెనక్కి వెళ్ళాయి. వాళ్ళందరి చివర అత్తగారు, వెనక్కి తిరిగి తిరిగి చెయ్యి ఊపుతూ.

మొదటి మలుపులో గాలి కొట్టే చోటు ఉంది. అతను టైర్ల దగ్గర కూర్చున్నాడు. ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుంది. పైన చిత్రిక పట్టినట్టు నున్నటి చలికాలం ఆకాశం. మూలన ఒక చిన్న మబ్బు, గాలి ఎటు నుంచో చెప్పడానికన్నట్టు, సముద్రం వైపు పోతోంది.

నోటు పుస్తకం తెరిచింది, మంగళవారం ఆటు ఎన్నింటికో ఇంకోసారి చూద్దామని. మొదటి పేజీలో ఆమె ఎర్ర గీత కింద, వడ్రంగి పెన్సిలుతో కొత్త అక్షరాలు ఉన్నాయి. చెప్పుల గొడవలో ఎప్పుడు రాశాడో ఏమో.

‘రెండో కొలత: తొమ్మిదిమంది, ఒక పనిముట్ల పెట్టెతో. మొదటి కొలత సరిగ్గానే ఉంది.’

తలుపు దగ్గర నీడ పడింది. అతను చేతులు తుడుచుకుంటూ, గాలి చూసే గొట్టం ఆమె వైపు చాపాడు.

"నాలుగు టైర్లూ చూశాను."

"రెండుసార్లా?"

"ఒకసారే. రెండోసారి నువ్వు చూడు."

ఆమె పుస్తకం మూసి, చెప్పులేసుకుని, దిగింది.